గాలి చేసిన నేరం, అడవి చెప్పిన సాక్ష్యం

మనిషికి జబ్బు చేస్తే మూలుగుతాడు. పశువుకు జబ్బు చేస్తే మేత ముట్టదు. చెట్టు మాత్రం నిలుచున్న చోటనే మౌనంగా నిలుచుని, ఏటికేడు కొన్ని ఆకులు తక్కువ తొడుగుతుంది. ఆ తక్కువను గమనించే కన్ను లేకపోతే, మాను ఎండి నేలకూలిన నాడు గాని విషయం తెలియదు. గొడ్డలి వేటు ఊరంతటికీ వినబడుతుంది. కార్చిచ్చు పొగ కొండకు అవతల నుంచి కూడా కనబడుతుంది. కాని అడవికి మూడవ శత్రువు ఒకటున్నది. దానికి శబ్దం లేదు, రంగు లేదు. అది మనం పీల్చే గాలిలోనే ఉంటుంది. ఆ శత్రువును ఐరోపా ఖండం ఎలా గుర్తించినదో, అందుకు చెట్ల చేతనే ఎలా సాక్ష్యం చెప్పించినదో ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచ దలచాము.

పొరుగింటి మీద పడిన పొగ

బొగ్గులో గంధకం ఉంటుంది. బొగ్గు మండినప్పుడు అది సల్ఫర్ డయాక్సైడ్ అనే వాయువుగా మారి, గాలిలోని తేమతో కలిసి ఆమ్లమై, వానగానో మంచుగానో తిరిగి నేలకు దిగుతుంది. మాంచెస్టర్ నగరంలో పనిచేసిన రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త 1872లో వెలువరించిన గ్రంథంలోనే ఈ 'ఆమ్లవర్షం' ప్రస్తావన ఉన్నది. అయినా అది ఆయా ఫ్యాక్టరీ పట్టణాల బాధ అనుకుని లోకం ఊరుకున్నది.

పట్టణాలలో పొగ తగ్గించడానికి తరువాతి కాలంలో ఒక ఉపాయం చేశారు. పొగగొట్టాలను మరింత ఎత్తుగా కట్టారు. గొట్టం కింద ఉన్నవారికి ఊరట కలిగిన మాట నిజమే. కాని పొగ మాయం కాలేదు, దూరం వెళ్ళింది. మన వాకిలి ఊడ్చి చెత్తను పొరుగింటి గడపలో పోసినట్లయింది. స్వీడన్‌కు చెందిన మృత్తికా శాస్త్రవేత్త స్వాంటే ఒడేన్ 1967లో ఒక దినపత్రికలో వ్యాసం రాసి, తమ దేశపు వాన పులిసిపోవడానికి బ్రిటన్, మధ్య ఐరోపాల పొగ కారణమని వెల్లడించాడు. స్వీడన్, నార్వే సరస్సులలో చేపలు చనిపోతున్నాయి. పొగ పుట్టిన దేశం ఒకటి, నష్టపోయిన దేశం మరొకటి. ఇటువంటి తగవును ఏ దేశపు న్యాయస్థానం తీర్చగలదు?

ఏళ్ల తరబడి చర్చలు జరిగిన మీదట 1979 నవంబరులో జెనీవా నగరంలో ఒక ఒడంబడిక కుదిరింది. సరిహద్దులు దాటి సుదూరం ప్రయాణించే వాయు కాలుష్యాన్ని అరికట్టడమే దాని లక్ష్యం. గాలి విషయంలో అనేక దేశాలు కలిసి చేసుకున్న తొలి కట్టుబాటు అదే.

వేళ్ల దగ్గర మొదలైన వ్యాధి

ఒడంబడిక కాగితం మీద ఉండగానే ఆపద అడవికి పాకింది. తూర్పు జర్మనీ, పోలండ్, చెకోస్లొవాకియా కలిసే ప్రాంతానికి 'నల్ల త్రికోణం' అని పేరు వచ్చింది. నాసిరకం బొగ్గును మండించే విద్యుత్ కేంద్రాలు అక్కడ గుంపుగా ఉండేవి. వాటి పొగ తగిలి, కొండల మీది స్ప్రూస్ వనాలు బారులు బారులుగా మోడువారాయి. పశ్చిమ జర్మనీలోనూ ఫర్, స్ప్రూస్ చెట్ల ఆకులు పసుపుబారి రాలసాగాయి. 1981లో 'డెర్ ష్పీగెల్' వారపత్రిక అడవి చనిపోతున్నదని ముఖపత్రం మీదనే ప్రకటించింది.

గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో బెర్న్‌హార్డ్ ఉల్రిచ్ అనే ఆచార్యుడు జోల్లింగ్ కొండలలోని అడవి నేలను ఏళ్ల తరబడి పరీక్షించి ఇలా వివరించాడు. ఆమ్లవర్షం మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం వంటి పోషకాలను కడిగివేస్తుంది. మట్టిలో బంధింపబడి ఉన్న అల్యూమినియం కరిగి నీటిలో చేరి, సన్నని వేళ్లను దెబ్బతీస్తుంది. పైకి కనబడేది ఆకు పసుపు, లోపల జరిగేది వేరు నాశనం. పొగ నేరుగా ఆకును కాల్చడం ఒక ఎత్తు, మట్టి ద్వారా చెట్టును పస్తు పెట్టడం మరొక ఎత్తు.

అప్పటికి ఒక చిక్కు మిగిలే ఉన్నది. చెట్టు ఎండడానికి కరువు కారణం కావచ్చు, పురుగు కావచ్చు, ముదిమి కావచ్చు. ఇది పొగ పనే అని చెప్పాలంటే ఆధారం కావాలి. ఫ్యాక్టరీల యజమానులు అడిగినది కూడా అదే.

కన్నులకు తర్ఫీదు

ఆ ఆధారం కోసమే 1985లో పై ఒడంబడిక కింద ఐరోపా అడవుల పర్యవేక్షణ కార్యక్రమం మొదలైంది. నేటికీ నలభైకి పైగా దేశాలు అందులో పాలుపంచుకుంటున్నాయి. ఖండం మీద 16 కిలోమీటర్ల పొడవు, 16 కిలోమీటర్ల వెడల్పు గల గళ్లు గీసినట్లు ఊహించి, గీతలు కలిసే చోట అడవి ఉంటే అక్కడ కొన్ని చెట్లను గుర్తిస్తారు. ఏటా వేసవిలో అవే చెట్ల వద్దకు వెళ్ళి, దుర్భిణితో కొమ్మల గుబురును చూస్తారు. ఆరోగ్యవంతమైన చెట్టుకు ఉండవలసిన ఆకులో ఎంత లోపించిందో 5 శాతం చొప్పున అంచనా కడతారు. 10 శాతం వరకు లోపమైతే చెట్టు క్షేమం. 25 శాతం వరకు హెచ్చరిక. అది దాటితే చెట్టు దెబ్బతిన్నట్లే లెక్క.

కంటి అంచనాను ఎంతవరకు నమ్మవచ్చునని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే పని ప్రారంభానికి ముందు పరిశీలకులందరూ ఒకచోట చేరి, ఒకే చెట్టును విడివిడిగా అంచనా వేసి, తేడాలు సరిచూసుకుంటారు. సాక్షి సత్యవంతుడైతే చాలదు, అతని చూపు కూడా సరియైనదై ఉండాలి కదా!

అంతటితో ఆగకుండా కొన్ని వందల చోట్ల మరింత లోతైన పరిశీలన చేస్తారు. కొమ్మల మధ్య నుంచి జారే వాననీటిని పాత్రలలో పట్టి ఆమ్లాన్ని కొలుస్తారు. మట్టిలోని నీటిని తోడి పరీక్షిస్తారు. రాలిన ఆకును వలలలో పోగుచేసి తూస్తారు. మానుకు పట్టీ చుట్టి దాని ఎదుగుదలను గుర్తిస్తారు.

మాను బెరడు మీద పెరిగే లైకెన్లు కూడా సాక్షులే. మన ఇళ్లలో బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఈ కోవకు చెందినదే. వీటికి వేళ్లు లేవు, తిండీ నీరూ గాలి నుంచే పీల్చుకుంటాయి. గాలి చెడితే ముందుగా మాయమయ్యేవి వీటిలో అనేకం. ఫిన్లండ్‌కు చెందిన విలియం నైలాండర్ అనే శాస్త్రవేత్త ప్యారిస్ ఉద్యానంలో 1866 నాటికే ఈ సంగతి గమనించాడు.

లెక్క ఏమి చెప్పింది

సాక్ష్యం కూడుతూ ఉండగా చట్టాలు కదిలాయి. గంధకపు వాయువును 1980 నాటి కంటే కనీసం 30 శాతం తగ్గించాలని 1985లో హెల్సింకి నగరంలో దేశాలు ఒప్పుకున్నాయి. పశ్చిమ జర్మనీ అప్పటికే 1983లో విద్యుత్ కేంద్రాలపై కఠిన నిబంధనలు విధించి, పొగను సున్నపు ద్రావణంతో కడిగే యంత్రాలను పెట్టించింది. ఇప్పుడు ఐరోపాలో సల్ఫర్ డయాక్సైడ్ 1990 నాటితో పోల్చినా 80 శాతం వరకూ తగ్గింది. వానలో ఆమ్లం తగ్గినట్లు అడవిలో పెట్టిన పాత్రలే ధ్రువీకరించాయి.

ఖండమంతటా అడవి నశిస్తుందని అప్పట్లో కొందరు వేసిన అంచనా నిజం కాలేదు. దానిని పట్టుకుని, భయపెట్టారని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. ఆ భయంలో అతిశయం కొంత ఉన్నది. అడవి బతకడానికి పొగను కట్టడి చేయడమూ ఒక కారణమన్నది అంతే నిజం. మందు వాడి కోలుకున్న రోగిని చూసి, అసలు జబ్బే లేదనడం వివేకమేనా?

ఆ లెక్క ఏ పక్షానికీ వంత పాడలేదు. 2003లో జర్మనీ మంత్రి రెనాటె క్యూనాస్ట్ అడవుల క్షీణత ఆగిందని ప్రకటించారు. ఆ ఏడాదే తీవ్రమైన ఎండలు కాచాయి. మరుసటి ఏడాది లెక్కలో చెట్ల పరిస్థితి వెనుకటి ఏళ్లన్నిటికంటే అధ్వానంగా తేలింది. 2018 నుంచి వచ్చిన వరుస కరువులకు, బెరడు పురుగులకు ఆ దేశం మూడేళ్లలో సుమారు 5 లక్షల హెక్టార్ల మేర చెట్లను కోల్పోయింది. గంధకం తగ్గినా వాహనాల నుంచి, పశువుల పేడ నుంచి, ఎరువుల నుంచి వచ్చే నత్రజని వాయువులు అంతగా తగ్గలేదు. అవి వేళ్లకు తోడుండి తిండి అందించే శిలీంధ్రాలను మార్చివేస్తున్నాయని 20 దేశాలలోని 137 పర్యవేక్షణ స్థలాలను పరిశీలించిన అధ్యయనం 2018లో తెలియజేసింది. ప్రమాదం తీరిందని లెక్కించడం మానివేసి ఉంటే, ఈ కొత్త వ్యాధి సంగతి ఎవరు చెప్పేవారు?

మన వాకిట్లో

మన దేశంలో అడవుల సర్వే సంస్థ 1987 నుంచి రెండేళ్లకొకసారి నివేదిక ప్రకటిస్తున్నది. అది ప్రధానంగా అడవి విస్తీర్ణాన్ని చెబుతుంది. విస్తీర్ణం వేరు, ఆరోగ్యం వేరు. ఇంట్లో ఎందరున్నారో చెప్పినంత మాత్రాన ఎందరు జ్వరంతో ఉన్నారో తెలియదు కదా! దక్షిణాసియా దేశాలు సరిహద్దులు దాటే కాలుష్యంపై 1998లో మాలే నగరంలో ఒక ప్రకటన చేశాయి, అందులో మన దేశమూ ఉన్నది. బొగ్గు విద్యుత్ కేంద్రాల గంధకపు వాయువుకు 2015 డిసెంబరులో మన ప్రభుత్వం హద్దు విధించింది. రెండేళ్ల గడువు పలుమార్లు పొడిగింపబడి, చివరకు 2025 జూలైలో అత్యధిక కేంద్రాలకు మినహాయింపు లభించింది. మన బొగ్గులో గంధకం తక్కువన్నది ఆ నిర్ణయాన్ని సమర్థించేవారి వాదన.

ఆ వాదన సరియైనదా కాదా అన్నది మాటలతో తేలేది కాదని మా అభిప్రాయం. పాల్వంచ విద్యుత్ కేంద్రానికి చేరువలోనే కిన్నెరసాని అభయారణ్యం ఉన్నది. అక్కడ ఏటేటా కొన్ని చెట్ల గుబురు చూసి, కొంత వాననీటిని పట్టి, ఆ లెక్కను ప్రజల ముందుంచితే ఏ పక్షం మాట నిజమో చెట్లే చెబుతాయి. నేరం లేకపోతే గాలి నిర్దోషిగా బయటపడుతుంది. ఉంటే సకాలంలో పట్టుబడుతుంది.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. మీ వీధిలోనో, బడి ఆవరణలోనో ఒక వేపనో, కానుగనో ఎంచుకుని, ఏటా అదే నెలలో దాని గుబురును పిల్లల చేత చూపించి, ఒక నోటుపుస్తకంలో రాయించండి. అది శాస్త్ర పరిశోధన కాకపోవచ్చు. కాని కంటికి ఓపిక అలవడుతుంది, చేతికి ఉన్నదున్నట్లు రాసే నిజాయితీ అలవడుతుంది. ఐరోపా అడవుల పక్షాన నిలిచిన సాక్ష్యం ఆ రెండింటి వల్లనే పుట్టింది.