నిగ్రహం పుట్టుకతో వచ్చేదా? నేర్చుకునేదా?

"మా వాడికి బొత్తిగా నిగ్రహం లేదండీ, మిఠాయి కంటబడితే ఆగలేడు" అని నా వద్దకు వచ్చే తల్లులు తరచు వాపోతుంటారు. మధుమేహం ఉండి కూడా తీపి మానలేని పెద్దలు "నా స్వభావమే అంత" అని సరిపెట్టుకుంటారు. నిగ్రహం జన్మతః వచ్చే గుణమనే నమ్మకం ఈ రెండు మాటల్లోనూ ఉంది. అది ఎంతవరకు నిజమో తెలుసుకొనగోరువారికి వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుని కృషి ఎంతో ఉపకరిస్తుంది.

మిషెల్ 1930లో వియన్నాలో జన్మించారు. 1938లో నాజీల ఆక్రమణతో ఆయన కుటుంబం స్వదేశం విడిచి, అనంతరం అమెరికాలో స్థిరపడింది. మనిషి ప్రవర్తన సందర్భాన్నిబట్టి మారుతుందనీ, "వీడు ఇటువంటివాడు" అని ముద్రవేసి అన్నిచోట్లా అతని నడతను ఊహించలేమనీ 1968లో వెలువరించిన గ్రంథంలో ఆయన వాదించారు. 2018లో కన్నుమూశారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో 1960ల చివర ఆయన ప్రారంభించిన ప్రయోగం జగద్విఖ్యాతమైంది. పిల్లవాణ్ణి గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, "నేను తిరిగి వచ్చేదాకా ఆగితే నీకు నచ్చింది దొరుకుతుంది. ఆగలేకపోతే గంట వాయించు, చిన్నదే దొరుకుతుంది" అని చెప్పేవారు. 1970లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తినుబండారాలు రెండూ ఎదురుగా ఉన్నప్పుడు పిల్లలు సగటున ఒక నిమిషమే ఆగగలిగారు. అవి కంటికి కనబడనప్పుడు 11 నిమిషాలకు పైగా ఆగారు. మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయిని తెల్లని మేఘంగా ఊహించుకోమన్నప్పుడు పిల్లలు ఎక్కువసేపు నిలిచారు, దాని రుచిని తలచుకోమంటే త్వరగా ఓడిపోయారు. అంటే ఓర్పు ఎంతసేపు నిలుస్తుందో చాలావరకు దృష్టిని ఎటు మళ్ళించామన్న దానిపై ఆధారపడుతుంది. ఆ నేర్పును అభ్యసించవచ్చు.

మిషెల్ స్వయంగా రోజుకు మూడు పెట్టెల సిగరెట్లు కాల్చేవారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగిని ఒకనాడు ఆసుపత్రిలో చూసి, కోరిక పుట్టినప్పుడల్లా ఆ దృశ్యాన్నే మనసుకు తెచ్చుకొని ఆ అలవాటు మానుకున్నారు.

ఎక్కువసేపు ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో రాణించారని తొలుత తేలింది. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలను పరిశీలించినప్పుడు ఈ సంబంధం బలహీనంగా కనిపించింది. కుటుంబ పరిస్థితులను, తొలినాటి తెలివితేటలను లెక్కలోకి తీసుకున్న పిమ్మట అది ఇంకా తగ్గిపోయింది. కాబట్టి ఒక్క మిఠాయితో బిడ్డ భవిష్యత్తును నిర్ణయించరాదు. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది పిల్లలతో చేసిన ప్రయోగం మరొక విషయం తెలిపింది. ముందుగా మాట నిలబెట్టుకున్న పెద్దలను చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దలను చూసినవారు 3 నిమిషాలే ఆగారు. ఇచ్చిన మాట నెరవేరుతుందన్న నమ్మకం లేని బిడ్డ ఎందుకు ఆగాలి?

మన చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం లోభం, క్రోధం, భయం వంటి మనోవేగాలను అదుపులో ఉంచుకొమ్మంటుంది. ఆకలి, దప్పిక, నిద్ర వంటి శరీరవేగాలను మాత్రం ఆపరాదంటుంది. ఈ భేదాన్ని తల్లులు గుర్తుంచుకోవాలి. ఆకలిగొన్న పిల్లవాణ్ణి ఓర్చుకొమ్మనడం నిగ్రహశిక్షణ కానేరదు.

ఇంట్లో ఆచరించదగినవి:

మిఠాయిలను బల్లపై ఉంచకుండా, మూతగల డబ్బాలో వేసి, కనబడని అలమరలో పెట్టండి.

కోరిక పుట్టినప్పుడు ఏమి చేయాలో ముందే నిశ్చయించుకోండి. "భోజనానంతరం తీపి తినాలనిపిస్తే సోంపు నమిలి, పది నిమిషాలు నడుస్తాను" అన్నట్లు స్పష్టంగా అనుకోండి. మధుమేహులు వైద్యుడు చెప్పిన మందులను మాత్రం మానరాదు.

"సాయంత్రం కొనిపెడతాను" అని బిడ్డకు చెబితే తప్పక కొనిపెట్టండి. వీలుకాదని తెలిస్తే అసలు మాట ఇవ్వకండి.

"నీకు నిగ్రహం లేదు" అని పదేపదే అంటే బిడ్డ దానినే తన స్వభావమని నమ్ముతాడు. ఆ మాట మాని, మనసును మళ్ళించుకొనే ఉపాయం ఒకటి నేర్పండి.