ముందు కాయకు ముందు ధర: పెరటి మామిడిలో లాభనష్టాల లెక్క

మైలవరం: మామిడి బజారులో సీజన్ అంతటికీ ఒకే ధర అనేది ఎన్నడూ లేదు. సరుకు పలచగా దిగే మొదటి రెండు మూడు వారాలు ఒక ధర, లారీలు బారులు తీరిన తర్వాత ఇంకొక ధర. ఈ తేడాను ఏటేటా చూస్తున్న మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతాలలో ఇంటి వెనుక నాలుగు చెట్లకు జాగా వున్న ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటి వున్నది. త్వరగా పండే రకం వేసుకుంటే లాభమా? పది ఎకరాల తోటకు, పెరటిలోని పది చెట్లకు దీనికి జవాబు ఒకటి కాదు.

మొదట బజారు సంగతి చెప్పుకోవాలి. దేశంలో అందరికంటె ముందు సరుకు పంపేది కేరళలోని పాలక్కాడు జిల్లా ముత్తలమడ. అక్కడ జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే కోత మొదలవుతుంది. తర్వాత కొంకణం హాపుస్, ఆ వెనుక మన కాయ. జూన్‌లో ఉత్తరప్రదేశ్ దశేరి దిగిందంటే ఢిల్లీలో దక్షిణాది కాయకు గిరాకీ సన్నగిల్లుతుంది. ఢిల్లీ వర్తకులు సఫేదా అని పిలిచే మన బంగినపల్లికి మంచి రోజులు ఈ రెంటి నడుమ వున్నవే. 2022లో జిల్లాల విభజనతో మైలవరం ఎన్టీఆర్ జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరాయి గాని, కాపు కాలం మాత్రం రెండు చోట్లా ఒకటే. అందువల్ల ఇక్కడి కాయ అంతా దాదాపు ఒకే వారాల్లో బజారులో పడుతుంది. వారం ముందు దిగిన లారీకీ వారం తర్వాత దిగిన లారీకీ ధరలో తేడా రావడానికి ఇదే కారణం.

అయితే ‘ముందు కాయ’ అనే మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి వున్నాయి. జాతి లక్షణం చేత ముందుగా పండే కాయ ఒకటి. మందు పోసి ముందుగా పూయించిన చెట్టు కాయ మరొకటి. ముదరకుండానే కోసి తెచ్చిన కాయ మూడవది. బజారులో ఈ మూడూ ఒకే కుప్పలో కనిపిస్తాయి. కొనేవారికి వారం తర్వాత గాని అసలు సంగతి తెలియదు.

మామిడికి పూత రావడానికి రెండు షరతులు. కొమ్మ చివరి రెమ్మ నాలుగైదు నెలలు ముదిరి వుండాలి; రాత్రులు చల్లబడాలి. చలి ఆలస్యమైన ఏడు పూత కూడా ఆలస్యమవుతుంది. చలిని బట్టి కాపు నడవడం ఒక్క మామిడికే వున్న సంగతి కాదు. అమెరికాలో బ్లూబెర్రీ పండుకు శీతాకాలంలో ఏడు డిగ్రీల సెంటిగ్రేడు లోపు చలి వందలాది గంటలు కావాలి. వేడి రాష్ట్రమైన ఫ్లోరిడాలో అంత చలి లేదు. అక్కడి విశ్వవిద్యాలయం వారు తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలను సంవత్సరాల తరబడి కృషిచేసి తయారుచేశారు. 1970వ దశకం మధ్యలో విడుదలైన షార్ప్‌బ్లూ అలాంటిది. వారి ఉద్దేశం పండు తినడం ఒక్కటే కాదు. ఉత్తరాది పండు రాకముందే ఏప్రిల్‌లో బజారు అందుకోవడం అసలు సంగతి. నర్సరీలలో బ్లూబెర్రీ మొక్క చూచి ముచ్చటపడేవారు రెండు విషయాలు గుర్తించాలి. ఆ మొక్కకు బాగా పులుపు గుణం వున్న నేల కావాలి. మైలవరం ఎర్ర చెలకలో అది దొరకదు గనుక కుండీలో ప్రత్యేకం మట్టి కలిపి పెంచాలి. కుండీకి పెట్టే ఖర్చుతో మంచి మామిడి అంట్లు అరడజను వస్తాయి.

మన వైపు జాతి చేత ముందుగా వచ్చే రకాలలో చెప్పుకోదగినది సువర్ణరేఖ. విశాఖ ప్రాంతంలో దీనినే సుందరి అంటారు. ఉత్తర కోస్తాలో, ఒరిస్సా వైపు దీనికి ఎప్పటినుంచో గిరాకీ. భుజం మీద ఎర్రని ఛాయ వుండటం వలన చూపుకు బాగుంటుంది. ఆ ఛాయే దీనికి శత్రువు కూడా. ఎండ తగిలిన కాయ ముదరకముందే ఎర్రబడుతుంది. రంగు చూచి పండిందనుకుని కోసేవారు ఎక్కువ. బంగినపల్లి నడి సీజన్ కాయ. నీలం చివరి కాయ. రసాలకు దూర ప్రయాణం పనికిరాదు. పునాస సంగతి వేరు. అది ముందూ కాదు వెనుకా కాదు, తన ఇష్టం వచ్చినప్పుడు కాస్తుంది. ఉగాది పచ్చడికి పెరటిలో కాయ కావాలనుకునే ఇల్లాలికి పునాస చెట్టు ఒకటి వుండటం మంచిదే గాని, దాని మీద ధర లెక్క వేయడం కుదరదు.

పెరటి చెట్టుకు ముందు రకం వలన వచ్చే అసలు లాభం ధర కాదని ఈ విలేకరి అభిప్రాయం. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు రాలిపోయే కాయలో పెద్ద భాగం ఇంకా చెట్టున వున్న ఆలస్యపు రకాలదే. తొలకరి వానలతో పండు ఈగ విజృంభిస్తుంది. అప్పటికే కోత ముగిసిన చెట్టుకు ఆ బెడద లేదు. మందు కొట్టే యంత్రం లేని ఇంటివారికి ఇది చిన్న విషయం కాదు. దీనికి బదులుగా ఇంకొక చిక్కు వున్నది. డిసెంబరులో వచ్చిన పూత పొగమంచులో చిక్కుతుంది. తేనెమంచు పురుగు, బూడిద తెగులు ముందుగా పట్టేది దానినే. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్ వంటి తుపాను ఆ సమయంలో వస్తే చెట్టు పూతకు బదులు చిగురు వేసే ప్రమాదం వున్నది.

ఇక లెక్కకు వద్దాం. పూర్తిగా ముదిరితే 300 గ్రాములు తూగే కాయను 240 గ్రాముల దగ్గర కోశారనుకుందాం. తూకంలో 20 శాతం పోయింది. అంటే ముందు ధర కనీసం 25 శాతం ఎక్కువ వుంటే గాని చేతికి వచ్చేది సమానం కాదు. వంద కాయలు ముదిరితే 30 కిలోలు, లేతగా కోస్తే 24 కిలోలు. కిలోకు 40 రూపాయల చొప్పున 30 కిలోలకు వచ్చే 1,200 రూపాయలు రావాలంటే 24 కిలోలను 50 రూపాయలకు అమ్మాలి. ఇక్కడితో ఆగదు. లేత కాయ మాగేటప్పుడు ముడుతలు పడి ఇంకా బరువు తగ్గుతుంది. గ్రేడు కిందికి దిగుతుంది, తరుగు పేరిట కోత పెరుగుతుంది. ఇవన్నీ కలిపితే 25 శాతం చాలదు. ధర రెండింతలున్న రోజున లేత కాయ కోసినవాడు లాభపడవచ్చును. అందరూ అదే పని చేసేసరికి ఆ ధర వారం నిలవదు. జాతి చేత ముందుగా ముదిరిన కాయకు ఈ నష్టం లేదు. తూకమూ వున్నది, ధరా వున్నది.

ముదిరిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. తొడిమ పక్కన భుజాలు లేచి, తొడిమ గుంటలోకి దిగినట్లు కనిపించాలి. నాలుగు కాయలు కోసి బకెట్టు నీటిలో వేయాలి. మునిగితే ముదిరినట్లు, తేలితే ఇంకా ఆగాలి. చిక్కం కట్టిన గెడతో, కొద్దిగా తొడిమ వుంచి కోస్తే సొన కారి కాయ నల్లబడదు. ఉదయం కోయడం మేలు.

లేత కాయతో వచ్చే పెద్ద అనర్థం మాగవేయడంలో వున్నది. ముదరని కాయ వరిగడ్డిలో పండదు, కుళ్ళుతుంది. కనుక కార్బైడ్ పొట్లం బుట్టలోకి వస్తుంది. తేమ తగిలితే దాని నుంచి అసిటిలీన్ వాయువు పుట్టి కాయ పైకి పసుపు పచ్చబడుతుంది. లోపల పులుపు పులుపుగానే వుంటుంది. బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధమైన మలినాలు వుంటాయి. కల్తీ నిరోధక నిబంధనల కాలం నుంచీ దీనిపై నిషేధం వున్నది. 2011 ఆహార భద్రతా నిబంధనలలోనూ దానిని కొనసాగించారు. ఇథిలీన్ వాయువును పది లక్షల భాగాలకు వంద భాగాల వరకు గదిలో వాడుకోవచ్చునని ఆహార భద్రతా సంస్థ అనుమతించింది. పెరటి కాయకు అదీ అవసరం లేదు. ముదిరిన కాయ, పొడి గడ్డి, గాలి ఆడే గది వుంటే వారం లోపు పండుతుంది.

మందు పోసి పూయించే పద్ధతి గురించి కూడా చెప్పాలి. పాక్లోబ్యుట్రజాల్ అనే మందును పాదులో పోస్తే చిగురు ఆగి పూత తొందరపడుతుంది. కొలత ప్రకారం, ఎరువు తగినంత ఇస్తూ వాడితే పెద్ద తోటల్లో ఫలితం వున్న మాట నిజమే. కొలత మించితే రెమ్మలు గిడసబారి గుత్తులుగా మారతాయి. మందు నేలలో చాలాకాలం నిలుస్తుంది. రెండు మూడేళ్లకు తోట గుత్తకు తీసుకున్నవారికి ఈ యేటి పూత ముఖ్యం. చెట్టు ఇంకా ముప్పయ్యేళ్ళు బ్రతకవలసినది యజమానికి. గుత్త కాగితంలో ఈ మందు గురించి ఒక వాక్యం రాయించుకునేవారు ఇంకా తక్కువగా కనిపిస్తున్నారు. కూరగాయలు, బావి పక్కపక్కనే వుండే పెరటిలో దీని జోలికి పోకపోవడమే మంచిది.

పెరటిలో పూతను చెడగొట్టేది చాలాసార్లు అంట్ల నీరు. అక్టోబరు చివరి నుంచి పూత వచ్చేవరకు చెట్టు పాదు ఆరాలి. వంటింటి నీరు, స్నానాల నీరు ఆ పాదులోకే మళ్లించి వుంటే చెట్టు పచ్చగా చిగుర్లు వేస్తూనే వుంటుంది గాని పూయదు. ఎరువు తక్కువైందని ఇంకా వేస్తారు, ఇంకా చిగురిస్తుంది! దీపావళి నాటికి ఆ కాలువను కొబ్బరి మొక్కకో అరటికో మళ్లించాలి. పిందె బఠాణీ గింజంత అయిన తర్వాత తిరిగి నీరు ఇవ్వవచ్చు.

మొక్క కొనడంలో జాగ్రత్త అన్నింటికంటె ముఖ్యం. అంటు మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గాని కాయ కనపడదు. మోసం జరిగినా అప్పటివరకు తెలియదు. ఈ విలేకరి ఇంట సువర్ణరేఖ అని నాటిన మొక్క నాలుగో ఏట కలెక్టరు కాయలు కాసింది. అడుగుదామంటే అమ్మినవాని రశీదు కూడా లేదు. పేరు, తేదీ వున్న రశీదు తీసుకోవాలి, వీలైతే తల్లిచెట్టును చూడాలి. ప్రభుత్వ ఉద్యాన క్షేత్రాలలోను, నూజివీడు మామిడి పరిశోధనా స్థానంలోను విచారించి కొనడం క్షేమం. రకం తప్పిన చెట్టును కొట్టివేయనక్కరలేదు. కొమ్మలు నరికి, వచ్చిన కొత్త రెమ్మల మీద కావలసిన రకం అంటు కట్టించవచ్చు. మా చెట్టుకు మూడు కొమ్మలు అలాగే మార్పించాము, నాలుగవది పప్పులోకి పుల్లకాయ కోసం కలెక్టరుగానే వుంచాము.