మృగశిర వానలను దెచ్చు గాలి యెచ్చటినుండి వచ్చును?

మృగశిర కార్తెలో రైతు పొలమునకు వచ్చు నైరృతి గాలి పొరుగు జిల్లాలలో పుట్టినది గాదు. అది భూమధ్యరేఖకు దక్షిణమున, మారిషస్ దీవికి ఆవలనున్న మహాసముద్రముమీద బయలుదేరి, నాలుగు వేల మైళ్లకు పైబడిన దూరము నడచి వచ్చును. ఆ ప్రయాణక్రమము తెలిసినయెడల ఏ వానకు విత్తవలెనో, ఏ వానకు విత్తరాదో నిర్ణయించుట కొంత సులభమగును.

వేసవిలో సింధు, రాజస్థాన ప్రాంతముల యెడారులు మిక్కిలి కాగును. వేడిగాలి తేలికయై పైకి లేచుటచే నచ్చట వాయుభారము తగ్గును. అదే కాలమున దక్షిణార్ధగోళమున చలికాలము. అచ్చటి సముద్రముమీద గాలి బరువై క్రిందికి దిగును. చెరువుకట్టకు గండిపడినప్పుడు నీరు పల్లమునకు పరుగెత్తునట్లు బరువైన చోటి గాలి తేలికయైన చోటికి సాగును.

అయితే నది తిన్నగా రాదు. మొదట వాయవ్యదిశగా ఆఫ్రికా తీరమువైపు పోవును. అచ్చట కెన్యా, ఇథియోపియా దేశముల ఉన్నతభూములు గోడవలె నడ్డు నిలుచును. ఆ గోడను ఒరసికొని గాలి భూమధ్యరేఖను దాటును. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచే ఉత్తరార్ధగోళమున కదలు గాలి కుడివైపునకు మరలును. అందుచేత సోమాలియా తీరమున మలుపు తిరిగి, నైరృతి గాలియై అరేబియా సముద్రముమీదికి వచ్చును. నేలకు సుమారు మైలు ఎత్తున నిది యేటిపాయవలె ఇరుకుగా, మహావేగముతో ప్రవహించునని ఫిండ్లేటర్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1969లో విశదపరచెను. గంటకు 20 మైళ్ల చొప్పున రేయింబవళ్లు నడచు గాలి 10 దినములలో 4,800 మైళ్లు గడచును. పూర్వము అరబ్బు నావికులు ఈ గాలినే నమ్మి మలబారు రేవులకు ఓడలు నడిపిరి. మాన్‌సూన్ అను మాటయు, హైదరాబాదు ప్రాంతమున వాడుకలోనున్న మౌసము అను మాటయు నొక్క అరబ్బీపదమునుండి పుట్టినవే.

సముద్రముమీద ఈ గాలి నీటియావిరిని నిండుగా గ్రహించును. పడమటి కనుమలు దానిని పైకి నెట్టగా ఆవిరి చల్లబడి వానయగును. మహాబలేశ్వరమున ఏటేట 200 అంగుళములకు పైగా వర్షము పడుటయు, కనుమలకు తూర్పుననున్న హైదరాబాదునకు 30 అంగుళముల ప్రాంతమే దక్కుటయు నిందుచేతనే. తెలంగాణమునకు విస్తారమైన వానలు తరచుగా బంగాళాఖాతమున నేర్పడు అల్పపీడనములవలన వచ్చును. ద్వీపకల్పమును, సింహళమును దాటిపోయిన యీ గాలియే వానికిని ఆవిరి నందించును.

రోహిణి కార్తెలో సాయంకాలమున ఉరుములతో, ఈదురుగాలితో పడు వాన వేఱు. అది ఆ చోటి వేడిమిచే పుట్టినది; ఒక యూరు తడిపి పొరుగూరిని విడుచును, మరునాడు ఎండ యథాప్రకారము కాయును. ఆ తడికి జొన్నయో ప్రత్తియో వేసి, మొలక మాడిపోగా మరల విత్తనము కొన్నవారు ఎందరో గలరు. ఆ వాన దుక్కికి చాలును, విత్తుటకు చాలదు. నైరృతి గాలి కేరళమున జూన్ 1 ప్రాంతమున ప్రవేశించి, తెలంగాణమునకు సాధారణముగా జూన్ రెండవ వారమున చేరును. అప్పుడు పడమటిగాలి రాత్రియు పగలును విడువక వీచును, మేఘములు తక్కువ యెత్తున ఒకే దిశగా సాగును, ఎండ తగ్గును. అప్పటికిని నేల ఆరు అంగుళముల లోతు తడిసిన పిదపనే గొఱ్ఱు కట్టుట మేలు.

గాలి వచ్చిన తరువాతను ఒక్కొక్క యేడు శ్రావణమాసమున వర్షపు పట్టు హిమాలయపాదములకు తొలగిపోవుటయు, ఇచ్చట వారము పదిదినములు వట్టి గాలియే వీచుటయు గలదు. ఆ దినములలో సాళ్లమధ్య గుంటక తోలి పైమన్ను పొడిచేసినయెడల లోపలి పదును కొన్నాళ్లు నిలుచును.