ఆ ద్రాక్ష ఎవరు కోశారు?

1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో గంటకు 1.40 డాలర్ల కూలి కోసం ఫిలిపినో కూలీలు సమ్మెకు దిగారు. సీజర్ చావెజ్‌తో మెక్సికన్ కూలీలూ కలిశారు. కూలీల్లో అత్యధికులు క్యాథలిక్కులు. తోటల యజమానుల్లోనూ చాలామంది క్యాథలిక్కులే! అందుకే స్థానిక ఫాదర్లు చాలామంది మొదట్లో ఎటూ తేల్చలేదు. 1966లో కూలీలు గ్వాడలూపె మాత పతాకం పట్టుకొని శాక్రమెంటోకు నడిచారు. 1968లో చావెజ్ అహింస కోసం 25 రోజులు ఉపవాసమున్నాడు. ఆ ద్రాక్ష కొనొద్దన్న పిలుపు ఇంటింటికీ చేరింది. చివరికి బిషప్పుల కమిటీ మధ్యవర్తిగా నిలిచింది. 1970లో ఒప్పందాలు కుదిరాయి.

ఒకే గుడిలో మోకరిల్లినంత మాత్రాన అందరూ సమానమైపోరు. మన చర్చిలోనూ అంటరానితనం ఉందని 2016 దళిత విధానపత్రంలో భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్యే ఒప్పుకుంది. కూలి అడిగేవాడి పక్కన నిలబడకుండా శాంతి గురించి ఎంత ప్రార్థిస్తే ఏం లాభం?