హంసానందిని చెప్పిన లెక్క

'మిర్చి', 'అత్తారింటికి దారేది' (2013) చిత్రాల్లో ఆడిపాడి కుర్రకారును ఉర్రూతలూగించిన హంసానందిని గుర్తుంది కదూ? 2021 డిసెంబరులో గుండుతో ఉన్న ఫోటో బయటపెట్టి, తనకు రొమ్ము క్యాన్సరని చెప్పేసింది. ఆపరేషన్ అయింది, 9 కీమోలు పూర్తయ్యాయి, ఇంకా 7 ఉన్నాయని లెక్క కూడా చెప్పింది!

ఆమెది 'గ్రేడ్ 3'. అప్పుడు దాన్ని సినిమా వార్తగానే చదివాను. తర్వాత మా అక్క బయాప్సీ రిపోర్టులోనూ అదే మాట! "మూడంటే ఇంకేముందిరా, చివరికొచ్చేసినట్టే" అంది అక్క. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు ప్రశ్నలన్నీ నోటుబుక్కులో రాసుకుని డాక్టరుగారి ముందు కూర్చున్నాం. "గ్రేడ్ వేరు, స్టేజి వేరమ్మా. కణాలు మామూలు కణాలకు ఎంత తేడాగా ఉన్నాయో చెప్పేది గ్రేడ్. జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పేది స్టేజి" అన్నారాయన. అక్కది రెండో స్టేజి. హమ్మయ్య అనుకున్నాం.

"మరి నా కూతురికి?" అనడిగింది అక్క. హంసానందిని తల్లినీ ఈ జబ్బే బలిగొంది. జన్యు పరీక్షలో హంసానందినికి బిఆర్‌సిఎ1 లోపం ఉన్నట్టు తేలింది. ఆ లోపం తల్లికున్నా, తండ్రికున్నా బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అక్క కూడా ఆ పరీక్ష చేయించుకుంది. ఫలితం రావాలి.

2022 డిసెంబరులో హంసానందిని మళ్లీ షూటింగుకు వెళ్లింది. మా అక్కకు మొన్ననే మూడో కీమో అయింది. నోటుబుక్కులో ఇంకా ప్రశ్నలున్నాయి. "భయపడ్డానికి తీరికెక్కడిదిరా?" అంటోంది!