ఊపిరి పీల్చుకోని గొంతు

ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేశాను. మనిషి కనబడడు, గొంతే ఆధారం. అవతలివాళ్ళు ఒంటరిగా ఉన్నారా, పక్కన ఎవరైనా నిలబడి ఉన్నారా అన్నది మాట తీరుని బట్టి పట్టేసేదాన్ని. రిటైరై పదిహేనేళ్ళయినా చెవి మాత్రం రిటైరవలేదు. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ చెవితో మందుల ప్రకటనలు వింటుంటాను.

నాకు సీఓపీడీ. మన వాడుకలో ఆయాసం జబ్బు. చుట్టా బీడీ ఎరగను. పన్నెండో ఏట నుంచి వరిపొట్టు పొయ్యి ముందు కూర్చున్నాను, పెళ్ళయ్యాక కట్టెల పొయ్యి. గొట్టం పెట్టి ఊదీ ఊదీ పొగంతా నేనే పీల్చాను. అయినా కొత్త డాక్టరు ఎవరైనా మొదట అడిగేది, "మీ ఆయనకి సిగరెట్ అలవాటుందా?" అనే.

డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చే మందుల్ని మన టీవీల్లో మామూలుగా ప్రకటించరు. అమెరికాలో ప్రకటిస్తారు. సంపన్న దేశాల్లో అమెరికా, న్యూజిలాండ్ తప్ప ఇంకెవరూ దీన్ని ఒప్పుకోరు. 1997లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టు సడలించింది. ముఖ్యమైన ప్రమాదాలు చదివి, మిగతా వివరాలు ఎక్కడ దొరుకుతాయో చెబితే చాలంది. అప్పట్నుంచి సీరియల్ మధ్యలోనూ, వార్తల మధ్యలోనూ మందులే.

మొదటి ప్రయాణంలో నేను చూసింది స్పిరీవా అనే ఆయాసం మందు ప్రకటన. మనిషి ఛాతీ మీద ఏనుగు కూర్చుంటుంది. మందు వాడాక లేస్తుంది. నవ్వొచ్చింది గానీ, నా ఆయాసాన్ని అంత సూటిగా చూపించినవాళ్ళు అంతకు ముందు లేరు. ఎక్స్-రే చూపించి చెప్పినా అర్థం కాని మా అల్లుడికి ఆ ఏనుగుతో అర్థమైంది. అప్పుడు ఐదేళ్ళున్న మనవరాలు పొద్దున్నే వచ్చి, "అమ్మమ్మా, ఇవాళ ఏనుగు ఉందా?" అని అడిగేది. తర్వాతి ప్రయాణంలో సింబికార్ట్ వాళ్ళ తోడేలు. మూడు పందిపిల్లల కథలో ఇళ్ళు ఊది పడగొట్టేదే, ముసలిదై ఊపిరి చాలక అవస్థ పడుతుంది. మొన్నటిసారి ట్రెలజీ వాళ్ళ "వన్ టూ త్రీ" పాట. ఒకే డబ్బాలో మూడు మందులు కదా, అందుకని.

ఏనుగు బొమ్మలో ఒక లోపం ఉంది. బరువు పైనుంచి పడుతున్నట్టు చూపిస్తుంది, నిజానికి తంటా లోపల. ఈ జబ్బులో గాలి లోపలికి వెళ్ళడం కన్నా బయటికి రావడం కష్టం. నిండిపోయిన ఆర్టీసీ బస్సు అనుకోండి. దిగేవాళ్ళు దిగితేగా ఎక్కేవాళ్ళు ఎక్కేది! పాత గాలి ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది, కొత్త గాలికి చోటుండదు. పీల్చే మందు బిగిసిన గొట్టాలను వదులు చేస్తుంది, కొన్ని రకాలు వాపు కూడా తగ్గిస్తాయి. రోగం ఒక్కసారిగా ముదిరి ఆసుపత్రి పాలయ్యే సందర్భాలు తగ్గుతాయి. చితికిపోయిన గాలితిత్తులు మాత్రం మళ్ళీ రావు. ప్రకటనలో మాటలూ ఇంతకు మించి చెప్పవు, "మెరుగ్గా ఊపిరి తీసుకోవచ్చు" అంటాయంతే. మిగతాదంతా బొమ్మ చెబుతుంది. గళ్ళ చొక్కా తాతగారు మనవణ్ణి భుజాన ఎత్తుకుంటాడు, చేపలు పడతాడు, సంతలో తిరుగుతాడు. నేను చూసినవాటిలో ఎవరి ముక్కుకీ ఆక్సిజన్ గొట్టం లేదు. ఎవరూ జడ వేసుకోలేదు.

జడ సంగతి ఎందుకంటే, చేతులు పైకెత్తితే నాకు ఆయాసం. ఊపిరికి సాయపడే మెడ, భుజాల కండరాలు ఆ కాసేపూ చేతుల పనిలో పడతాయి. అందుకే జుట్టు కత్తిరించేశాను. చీర కుచ్చిళ్ళు వంగి సర్దుకోలేక చుడీదార్లకు మారాను. స్నానం స్టూలు మీద. అన్నం మూడుసార్లు కాదు, కొంచెం కొంచెంగా ఐదుసార్లు, కడుపు నిండితే ఊపిరికి అడ్డం. మనవరాలి స్కూల్లో కచేరీకి వెళ్ళాను. కారు దిగి హాలు దాకా నడిచాను, రెండుచోట్ల ఆగాను, చప్పట్లు కొట్టాను. ఫొటోలో చూస్తే అచ్చం ప్రకటనలో బామ్మనే. మర్నాడంతా మంచం దిగలేదు. ఆ ప్రకటనల్లో మర్నాడు ఉండదు.

నాకు బాగా పనికొచ్చిన దానికి అసలు ప్రకటనే లేదు. ఎనిమిది వారాల పాటు శ్వాస వ్యాయామాల తరగతి. ఈల వేసేటప్పటిలా పెదవులు బిగించి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలడం. మెట్టెక్కేటప్పుడు వదలాలి, ఆగినప్పుడు పీల్చాలి. పెదవుల్ని డబ్బాలో పెట్టి అమ్మలేరు కదా.

ప్రకటనల్లో ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి. "హఠాత్తుగా వచ్చే ఆయాసానికి ఇది పనికిరాదు" అని ప్రతిసారీ చెబుతారు. మా ఆడపడుచు రోజూ పీల్చాల్సిన మందుని బీరువాలో దాచి, ఎగశ్వాస వచ్చినప్పుడే తీసేది. ఆ మాట ఆమెకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఇక ప్రమాదాల జాబితా. నోట్లో తెల్లపూత, నిమోనియా, ఎముకలు పలచబడటం, మూత్రం ఇబ్బంది, కళ్ళ నొప్పి. ఒకప్పుడు ఇవి చదువుతుంటే తెర మీద కుక్కపిల్ల గంతులేసేది. అది చాలదన్నట్టు సంగీతం. 2023 నవంబరులో ఎఫ్‌డీఏ కొత్త నిబంధన తెచ్చింది. మాటా, అక్షరాలూ ఒకేసారి రావాలి, తేలిక భాషలో ఉండాలి, దృష్టి మళ్ళించే హంగులు ఉండకూడదు. ఏడాది గడువిచ్చి 2024 నవంబరు నుంచి తప్పనిసరి చేశారు.

అక్షరాలు వచ్చాయి కాబట్టే నాకో సంగతి తెలిసింది. ప్రకటనలో జాబితా చదివే గొంతుతో పాటే నేనూ చదవబోయాను. నిమోనియా దగ్గరే ఆగిపోయాను. అతను ఆగలేదు. మళ్ళీ విన్నాను, కళ్ళు మూసుకుని, ఎక్స్ఛేంజీలో విన్నట్టు. వాక్యానికీ వాక్యానికీ మధ్య గాలి పీల్చిన చప్పుడే లేదు. రికార్డింగులో ఆ చప్పుళ్ళు కత్తిరించేస్తారని అల్లుడు చెప్పాడు. ఊపిరి మందు ప్రకటనలో ఊపిరిని కోసేయడం!

ఇప్పుడు పద్దెనిమిదేళ్ళ మనవరాల్ని కూర్చోబెట్టి అదే జాబితా చదివించాను. తర్వాత నేను చదివాను. నేను ఏడుచోట్ల ఆగాను. అది మూడుచోట్ల.