పిల్ల చదువుకు అప్పు: ఎన్ని రోజుల కూలి?

నాట్లు ముమ్మరంగా సాగే రోజులూ, ఇంజనీరింగు సీట్లు పంచే రోజులూ ఇంచుమించు ఒక్కటే. ఏటా ఆ రోజుల్లో సాయంత్రంపూట మా కూలి సంఘం ఆఫీసుకు తల్లులు వస్తారు. కాళ్ళ బురద ఆరి ఉండదు. చేతిలో కాలేజీ వాళ్ళిచ్చిన ఫీజు చీటీ ఉంటుంది. నిరుడు ఖమ్మం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక చెల్లెలు ఇట్లా అడిగింది: "అన్నా, పిల్లకు సీటొచ్చింది. లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి దొరుకుతున్నయి. తీసుకోమంటవా, చదువు మాన్పించమంటవా?"

ఈ రెండు దారులే ఉన్నాయనుకోవడం దగ్గరే మనం దెబ్బతింటున్నాం.

ముందు అప్పును రూపాయల్లో కాదు, రోజు కూలిలో లెక్కవేయాలి. మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు 3,000. నాలుగేళ్ళ చదువు పూర్తయ్యేసరికి వడ్డీ ఒక్కటే 1,44,000. అసలు అసలుగానే ఉంటుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఆ వడ్డీ 469 రోజుల కూలి. అప్పటి ఉపాధి హామీ చట్టం కింద ఒక కుటుంబానికి ఏడాదికి నూరు రోజుల పని ఉండేది. అది పూర్తిగా దొరికినా నాలుగున్నరేళ్ళ పైచిలుకు కష్టం వడ్డీకే పోతుంది.

డ్వాక్రా సంఘంలో తెచ్చి కడదామంటారు కొందరు. దాని వడ్డీ తక్కువే. కాని కిస్తీ వచ్చే నెల నుంచే మొదలు. పిల్ల ఇంకా మొదటి సంవత్సరంలో ఉంటుంది, తల్లి కిస్తీ కోసం మరో అప్పు చేస్తుంది.

బ్యాంకి విద్యారుణం సంగతి వేరు. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది కిస్తీ కట్టనక్కరలేదు. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు గాని, బయటి వాళ్ళ జామీను గాని అడగకూడదు. పిల్లతో పాటు తల్లో తండ్రో సంతకం పెడితే చాలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, వృత్తి, సాంకేతిక కోర్సులకు ఆ కాలం వడ్డీని కేంద్రమే భరించేట్టు 2009లో రాయితీ పథకం వచ్చింది. కాలేజీకి తగిన గుర్తింపు ఉండాలి, తాసిల్దారు ఇచ్చిన ఆదాయ పత్రం బ్యాంకిలో ఇవ్వాలి. ఈ సంగతి బ్యాంకి వాళ్ళు మనల్ని పిలిచి చెప్పరు. మనమే అడగాలి.

మరి ఎంత తీసుకోవాలి?

ఆ చెల్లెలిది బీసీ కుటుంబం. పిల్ల ర్యాంకు పదివేలు దాటింది. 2008 నాటి ఫీజు రీయింబర్స్‌మెంటుకు 2012లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కోత పెట్టింది. ఎస్సీ, ఎస్టీలను మినహాయించి, పదివేల ర్యాంకు దాటిన వాళ్ళకు ఏడాదికి 35,000 మాత్రమే ఇస్తామన్నది. కాలేజీ ఫీజు 80,000 అయితే ఏటా 45,000, నాలుగేళ్ళకు 1,80,000 ఇంటి మీద పడ్డట్టే.

మేము పెట్టుకున్న కొలత ఒకటే: నెల కిస్తీ పిల్ల మొదటి జీతంలో అయిదో వంతు దాటకూడదు. ఆ జీతం ఎంతో కాలేజీ బ్రోకరును అడగొద్దు. అదే కాలేజీలో చదివి బయటికొచ్చిన మన ఊళ్ళ పిల్లల్ని అడగండి. నూటికి ఏడాదికి పది వడ్డీ, పదేళ్ళ గడువు అనుకుంటే 1,80,000కు కిస్తీ సుమారు 2,400. జీతం 12,000 వచ్చినా మోయవచ్చు. అదే మేనేజ్‌మెంటు కోటా సీటుకని 6 లక్షలు తెస్తే కిస్తీ దాదాపు 7,900. పట్నంలో గది కిరాయి, తిండి పోను ఆ పిల్ల ఎక్కడినుంచి కడుతుంది? పైగా ఆ సీటుకు రీయింబర్స్‌మెంటు కూడా రాదు. అంతకంటే ప్రభుత్వ పాలిటెక్నిక్, సర్కారు డిగ్రీ కాలేజీ, బాసర ట్రిపుల్ ఐటీ ఎంతో మేలు. ఉన్న అర ఎకరం పట్టాను మాత్రం ఏ సీటు కోసమూ కుదువబెట్టొద్దు.

ఆ చెల్లెలు మూడు రూపాయల వడ్డీకి పోలేదు. మేమిద్దరం ఆమెకు తోడుగా బ్యాంకికి వెళ్ళాం. మొదటిసారి "పొలం కాగితాలేవీ?" అన్నారు. "ఇవ్వమంటే ఇవ్వమని, కారణంతో సహా కాగితం మీద రాసివ్వండి సారూ" అన్నాం. నాలుగోసారికి రుణం వచ్చింది. ఆ నాలుగుసార్లకు ఆమెకు నాలుగు రోజుల నాటు కూలి పోయింది. దాన్ని ఎవరి లెక్కలో రాయాలి?

పిల్ల చదువుతున్నది. కాని భయం తీరలేదు. సర్కారు తన వాటా ఫీజు సకాలంలో కట్టదు. 2025 నవంబరులో తెలంగాణలో ఆ బకాయిల కోసం ప్రైవేటు యాజమాన్యాలు కాలేజీలే మూశాయి. యాజమాన్యం సర్కారు మీద చూపలేని కోపం పిల్లల మీద చూపిస్తుంది. చదువు పూర్తయినా సర్టిఫికెట్లు ఇవ్వదు. సర్టిఫికెట్టు లేక ఉద్యోగం లేదు, ఉద్యోగం లేక కిస్తీ లేదు. సర్కారు బాకీ ఆ విధంగా కూలి ఇంట్లో మూడు రూపాయల వడ్డీ అప్పుగా మారుతున్నది.

కనుక జాగ్రత్తగా అప్పు చేయడంతోనే మన పని అయిపోదు. నిజానికి చదువు అప్పు మీద నడవవలసింది కాదు. ఫీజు బకాయిలు వెంటనే విడుదల చేయాలని, 35,000 పరిమితి ఎత్తివేయాలని, బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపిన కాలేజీల మీద చర్య తీసుకోవాలని, మండలానికొక ప్రభుత్వ కాలేజీ, హాస్టలు పెట్టాలని కూలి సంఘాలూ విద్యార్థి సంఘాలూ కలిసి అడగాలి. సీట్ల కాలంలో ప్రతి గ్రామ శాఖా ఒక సాయంత్రం కూర్చుని, ఏ ఇంట్లో ఎవరికి సీటొచ్చిందో, ఎంత కావాలో రాసుకోవాలి. ఏ తల్లినీ ఒంటరిగా బ్యాంకికి పంపొద్దు, ఏ తల్లినీ ఒంటరిగా వడ్డీ వ్యాపారి గడప తొక్కనివ్వొద్దు.

కూలి రేటు కోసం ముఠా అంతా ఒక్కటై గట్టు మీద నిలబడడం మనకు తెలుసు. పిల్లల ఫీజు కోసం కూడా అట్లాగే నిలబడాలి.